బ్రేక్ తాగదు

2005లో నన్ను వనపర్తిలోని ఒక బండ్ల షెడ్డులో హెల్పరుగా తీసుకున్నారు. జీపులు కడగడం, ఆయిళ్ల మట్టం చూడడం, తగ్గితే పోయడం, పోసిన సంగతి బుక్కులో రాయడం నా పని. నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. తప్పులు రాకుండా చిన్న మాటలే రాసేదాన్ని. ‘ఎందుకు పోశారు’ అనే గడిలో ఇంజిన్ ఆయిల్‌కైనా, బ్రేక్ ఆయిల్‌కైనా ‘తాగింది’ అనే రాశాను. డ్రైవర్లందరూ అనే మాటే అది.

షెడ్డుకు పెద్ద మెకానిక్ జహంగీర్ ఉస్తాద్. నా వంకర అక్షరాలను రోజూ కూర్చుని చదివిన మనిషి ఆయనొక్కరే.

ఒక పొద్దున దవాఖాన జీపు పెబ్బేరుకు బయలుదేరుతోంది. నర్సమ్మ టీకాల పెట్టెతో ఎక్కి కూర్చుంది. ఆ రోజు అక్కడ పశువుల సంత. నేను బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీస్తుంటే ఉస్తాద్ బుక్కు పట్టుకుని వచ్చారు.

“ఎంకమ్మా, పదిహేను దినాలల్ల మూడుసార్లు తాగింది అని రాసినవ్. గీ జీపు కల్లు కాంపౌండుకు గిట్ల పోతుందా ఏంది?”

డ్రైవర్ సాయిలు నవ్వలేదు. “జర పోసి పంపు ఉస్తాద్. వచ్చినంక చూద్దువు. పిల్లలనెత్తుకొని తల్లులు ఎండల నిలవడ్తరు.”

“సంతల ఎద్దు అడ్డమొస్తే, వచ్చినంక ఆపుతవా? ఇంజిన్ తాగుతది, బ్రేక్ తాగదు. అయితే అరుగుతది, లేకుంటే కారుతది. గంతే.”

ముందు చక్రాల్లో బ్రేక్ ప్యాడ్లు అరిగేకొద్దీ వాటిని నెట్టే పిస్టన్ ముందుకు జరుగుతుంది. దాని వెనుక ఖాళీలోకి ఆయిల్ దిగుతుంది. పైన డబ్బాలో మట్టం నెలల తరబడి కొంచెం కొంచెంగా తగ్గుతుంది. అది మామూలే. వారాల్లోనే తగ్గితే ఎక్కడో కారుతున్నట్టు.

ఉస్తాద్ ముందుగా ప్యాడ్లు చూశారు. మందంగానే ఉన్నాయి. ఇంజిన్ దగ్గర నుంచి గొట్టాల వెంట చేత్తో తడుముతూ వెనక్కి వచ్చారు. పొడిగానే ఉన్నాయి. నర్సమ్మను వేరే జీపులో పంపించి, వెనుక ఎడమ చక్రం విప్పి, బ్రేకును కప్పి ఉండే డ్రమ్ము తీశారు. లోపలంతా తడి. చక్రం దగ్గరుండే చిన్న సిలిండర్‌లో రబ్బరు చిరిగింది. బయటికి చుక్క కూడా కనబడలేదు.

సాయిలు వంగి ఆ తడిని వేలితో తాకాడు. “నిన్న పెడల్ జర లోపలికి పోయింది ఉస్తాద్. ఆయిల్ పోస్తే సరైతది అనుకున్న,” అన్నాడు.

నన్ను పనిలోంచి తీసేస్తారని భయపడ్డాను. ఉస్తాద్ బుక్కు నా చేతికే ఇచ్చారు. “మాట తప్పు రాసినవ్, తారీఖులు ఒప్పు రాసినవ్. గవి లేకుంటే నాకు తెల్వకపోతుండె,” అన్నారు.

తర్వాత పదేళ్లు అదే పని చేశాను. బ్రేక్ ఆయిల్ పోయడం మరమ్మతు కాదని, తగ్గిన మట్టమే బండి చెప్పగలిగిన ఒక్క మాటని, కారణం తెలుసుకోకుండా పోస్తే ఆ మాటను మనమే చెరిపేసినట్టని ఆ రోజే నేర్చుకున్నాను.