భుజం మీద పడని చెయ్యి

ఈశాన్య కొండల్లోని ఆ సైనిక పోస్టుకు చేరేసరికి మధ్యాహ్నం రెండున్నర. వాన. ట్రక్కు దిగగానే బూట్లు మునిగేంత బురద. వీపున ఇరవై రెండు కిలోల సంచి, చేతిలో రైఫిల్, జేబులో మా ఆవిడ మద్రాసు తొండియార్‌పేటలో కట్టిచ్చిన ఊరగాయ పొట్లం. నూనె అప్పటికే చొక్కాకంతా పట్టేసింది.

గస్తీకి ఎనిమిది మందిమి. వారానికోసారి అడవి దారిన ఎక్కి, జలపాతం పైనున్న కనుమ దాకా వెళ్లి, ఎవరైనా దాటిన ఆనవాళ్లున్నాయేమో చూసి రావాలి. ఎక్కడానికే ఆరు గంటలు. జలపాతం ఇరవై అంతస్తులకు తక్కువుండదు. ఇది చెప్పగానే మా బావమరిది, "సూపరప్పా! ఫోటో ఉందా?" అంటాడు. వాడి మొహం.

హవల్దార్‌ది ఒకటే నియమం. పావుగంటకోసారి లెక్క. వరసలో చివరివాడు ముందున్నవాడి భుజం తట్టాలి. వాడు తన ముందున్నవాడిని తట్టాలి. అది హవల్దార్ దాకా చేరితే అందరూ ఉన్నట్టు. చేరకపోతే ఆగి వెతకాలి. నీటి హోరులో మాట వినపడదు కాబట్టి ఈ పద్ధతి.

నేను ఏడోవాణ్ణి. నా వెనక చివరివాడు, నెల్లూరు వైపు మనిషి. జలగలు అతనంటే ప్రాణం పెట్టేవి. ఉప్పు మూట పట్టుకుని మలుపు మలుపుకీ ఆగేవాడు.

ఆ రోజు పొద్దున ఆరుంబావుకు బయల్దేరాం.

"ఏం మద్రాసోడా, ఈడ మీ బీచ్ గాలి లేదే?" అన్నాడు వెనకనుంచి.

"నోరు మూసుకోని ఎక్కప్పా. ఊపిరాడలా."

పదిన్నరకు వాన పెరిగింది. పదకొండుంబావుకు జలపాతం హోరు తప్ప లోకంలో ఇంకేమీ లేదు. దారి మూరెడు వెడల్పు. ఎడమ పక్క వాగు.

లెక్క వేళ. హవల్దార్ చెయ్యెత్తి ఆగాడు. నా భుజం మీద చెయ్యి పడలేదు. వెనక్కి చూశాను. మలుపు, వెదురు, తుంపర. జలగ పీక్కుంటున్నాడులే అనుకున్నాను. అప్పటికే అయిదు గంటలుగా ఎక్కుతున్నాం. లెక్క ఆగితే మళ్లీ కిందికి దిగాలి. నా ముందున్నవాడి భుజం తట్టేశాను.

లెక్క కుదిరింది. గస్తీ కదిలింది.

పావుగంట తర్వాత కూడా చెయ్యి పడలేదు. అప్పుడు భయమేసింది. ముందున్నవాడి సంచి పట్టి లాగాను. అందరం వెనక్కి పరిగెత్తాం. పదకొండూ నలభైకి కనిపించాడు. దారికి పదిహేనడుగుల కింద, వాగులో. కుడికాలు బండ కింద. రెండు చేతులతో ఒక వేరు పట్టుకుని, నోరు తెరిచి అరుస్తున్నాడు. ఒక్క ముక్క వినపడలేదు.

తాళ్లు వేసి తీశాం. వెదురుతో కట్టిన స్ట్రెచర్ మీద పడుకోబెట్టి, హోరు తగ్గిన చోటికి మోసుకొచ్చాక రేడియో ఆపరేటర్ పోస్టుకు చెప్పాడు: "ఒక మనిషికి దెబ్బ. కాలు నుజ్జు. డాక్టర్‌ను సిద్ధం చెయ్యండి. ఓవర్."

"పదకొండుంబావు లెక్క సరిగ్గానే వచ్చిందిగా?" హవల్దార్ నన్నే అడిగాడు.

నేను నోరు తెరిచేలోగా స్ట్రెచర్ మీంచి అతనే అన్నాడు. "నేను తట్టినా సార్. ఆ తర్వాతే జారినా."

నేను కాదనలేదు. నా బతుకులో అంత సిగ్గుమాలిన పని మరొకటి లేదు.

కాలు మోకాలి కింద తీసేశారు. ఆసుపత్రిలో అతని పక్కన కూర్చున్నాను.

"ఎందుకట్ల చెప్పినావు?"

"అయిపోయిందిలే. నీకు బిడ్డలుండారు."

"పడంగానే కాలు బండ కిందికి పోయిందా?"

"లేదు. పడినప్పుడు కాలు బాగానే ఉండె. నీళ్లు పెరిగినాక బండ దొర్లింది."

పావుగంట. ఆ పావుగంట నాది.

"ఆడ ఏమని అరిచినావప్పా?"

"నీ పేరే. నా ముందుండేది నువ్వేగదా."

డ్యూటీ ముగిసింది. ఇంటికొచ్చేశాను, తర్వాత సైన్యంలోంచీ వచ్చేశాను. పురసవాక్కం బజారు రద్దీలో మా ఆవిడ వెనకనుంచి భుజం తడుతుంది. "ఏందండీ, అప్పట్నించి పిలస్తానే ఉండా, వినపళ్లా?"

వెనక్కి తిరుగుతాను. ముందు కనిపించేది ఆమె కాదు. వాగు నీళ్లలో తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్న ఆ నోరు. ఇప్పుడు నాకు బాగా వినపడుతుంది.