టికియాపారా ట్రాక్ మీద నా సంతకం

1967 జూన్‌లో కలకత్తాలోని ఒక కళాశాలల క్రీడా మండలికి అసిస్టెంట్ సెక్రటరీగా చేరాను. తూర్పు రాష్ట్రాల కళాశాలల వార్షిక అథ్లెటిక్స్ పోటీలు ఏ ఊళ్లో జరగాలో తేల్చే ఉపసంఘానికి కాగితాల పనంతా నాదే. ఆతిథ్యం కోరే ఊళ్లు దరఖాస్తు పెట్టుకుంటాయి. పరిశీలకుడు వెళ్లి ట్రాక్ కొలుస్తాడు, మంచినీళ్లు, బస, వంటశాల చూసి నివేదిక ఇస్తాడు. దాని మీద ఉపసంఘం ఓటు వేస్తుంది. చెప్పుకోవడానికి వ్యవహారం ఇంత శుభ్రంగానూ ఉంటుంది.

ఆ ఏడు చివరికి రెండు దరఖాస్తులు మిగిలాయి. ఒకటి ఒరిస్సా తీరంలోని ఒక పట్టణానిది, రెండోది హౌరాది. రెండు చోట్లకూ పరిశీలకుడిగా నన్నే పంపారు.

హౌరా మైదానం టికియాపారాలో, రైలు పట్టాల పక్కన. దరఖాస్తు పెట్టింది అక్కడి సాయంకాలం కళాశాల. ట్రాక్ వేసింది మాత్రం లోకో షెడ్డులో పనిచేసే తెలుగువాళ్లు. వాళ్ల మేస్త్రీ అప్పలస్వామి, ఇంజన్లు ఖాళీ చేసిన కాలిన బొగ్గును సెలవు రోజుల్లో జల్లెడ పట్టించి, పొరలు పొరలుగా పరిపించి, రోలరు లాగించాడు. దీన్ని సిండర్ ట్రాక్ అంటారు. దాని గొప్పతనమల్లా నీటిని తాగేయడమే. పైన చుక్క నిలవనివ్వదు. జట్ల బసకు తెలుగు చర్చి వాళ్లు తమ హాలు ఇస్తామని రాసిచ్చారు. మాదీ రైల్వే క్రైస్తవ కుటుంబమే. పక్షపాతం చూపానని ఎవరూ అనకూడదని అక్కడ మరింత గట్టిగా తనిఖీ చేశాను. హాలు కిటికీలతో సహా లెక్కపెట్టాను.

మేస్త్రీ తాపత్రయానికి కారణం ఆయన మేనల్లుడు ప్రకాశం. షెడ్డులో ఖలాసీ. సాయంకాలం కళాశాలలో చివరి సంవత్సరం. ఎనిమిది వందల మీటర్ల పరుగులో ఆ చుట్టుపక్కల అతన్ని మించినవాడు లేడు. కానీ ఒక్క ఏడూ ఈ పోటీలకు వెళ్లలేకపోయాడు. పరాయి ఊరికి వెళ్లాలంటే వారం సెలవు కావాలి, ఫోర్‌మన్ ఇవ్వడు. హౌరాలోనే జరిగితే షిఫ్టు మార్చుకుని, పరుగెత్తి, తిరిగి పనిలోకి వెళ్లిపోవచ్చు. వయసు నిబంధన ప్రకారం అతనికి అదే ఆఖరి అవకాశం.

నేను వెళ్లిన రోజు పొద్దున్నే కుండపోతగా వాన. వెలిసిన అరగంటకు ప్రకాశాన్ని పరుగెత్తించి, నా స్టాప్‌వాచీతో టైము చూశాను. అంకె చూసి నమ్మకం కలగక వాచీ ఆడుతోందో లేదోనని చెవి దగ్గర పెట్టుకున్నాను. ఆడుతూనే ఉంది. తర్వాత ఒరిస్సా పట్టణమూ చూశాను. గడ్డి మైదానం, తీసిపారేయవలసింది కాదు. కానీ మంచినీళ్లకు అంత మందికీ ఒకే బావి. హౌరాకు మొదటి స్థానం ఇస్తూ నివేదిక చేత్తో రాసి ఆఫీసులో ఇచ్చాను.

ఇక్కడ మా ఆఫీసు అలవాటు ఒకటి చెప్పాలి. పరిశీలకులు ఎప్పుడూ ప్రయాణాల్లో ఉంటారు కాబట్టి, టైపు అయ్యేదాకా ఆగనక్కర్లేకుండా ఆఖరి పేజీకని ఖాళీ కాగితాల మీద ముందే సంతకాలు పెట్టి బొడొ బాబుకు, అంటే హెడ్ గుమాస్తాకు, ఇచ్చేవాళ్లు. అందరూ అలాగే చేసేవారు. నేనూ చేశాను. కొత్తవాణ్ణి కదా, అందరిలాగే ఉండాలన్న ఆత్రం కూడా ఉంది.

ఆగస్టు సమావేశంలో ఉపసంఘం ఛైర్మన్ ఆఖరి పేజీ తీసి చదివారు. వాన పడితే టికియాపారా మైదానంలో మోకాలి లోతు నీరు నిలుస్తుందని, పోటీలకు పనికిరాదని అందులో ఉంది. కింద నా సంతకం. నాకు ఒళ్లు మండిపోయింది. సిండర్ ట్రాక్ మీద మోకాలి లోతు నీళ్లట! అబద్ధం ఆడేవాడికి ఆ పని గురించి కాస్తయినా తెలిసి ఉండొద్దూ? లేచి, ఇది నేను రాసింది కాదన్నాను.

"సంతకం మీదేనా, కాదా?" అని అడిగారు ఛైర్మన్.

"నాదే. మాట నాది కాదు" అన్నాను.

ఉపసంఘం ముందున్నది కాగితమే కాని మాట కాదని ఆయన నవ్వి, ఓటింగ్ పెట్టారు. సముద్రతీరం గెలిచింది. తర్వాత బొడొ బాబును నిలదీస్తే, చెప్పింది ఛైర్మన్ అనీ, టైపు కొట్టింది తాననీ, సంతకం అప్పటికే ఉందనీ, నా చేతిరాత ప్రతి టైపయ్యాక పారేశాననీ నిమ్మళంగా చెప్పాడు. సంగతేమిటంటే ఛైర్మన్ గారి భార్యకు కీళ్లనొప్పులు, డాక్టరు సముద్రపు గాలి మంచిదన్నాడు. సభ్యుల కుటుంబాలూ వెంట సిద్ధమయ్యాయి. శీతాకాలంలో గాలి మార్పుకు సముద్రతీరం వెళ్లడం కలకత్తా వాళ్లకు మామూలే. అందులో తప్పు లేదు. వెళ్లేది సొంత సెలవులో వెళ్లాలి, ఒక ఖలాసీ పరుగును తొక్కుకుంటూ కాదు.

నేను పూర్తి మండలికి ఫిర్యాదు రాయవలసింది. ప్రొబేషన్‌లో ఉన్నానని నోరు మూసుకున్నాను. ఛైర్మన్ మీద ఎంత కోపం ఉందో, నా మీద నాకు అంతే ఉంది. పైగా, కారణంతో సహా తిరస్కార పత్రం హౌరా కళాశాలకు రాయవలసింది కూడా నేనే. రాశాను.

వారం తిరక్కుండా అప్పలస్వామి మేస్త్రీ ఆ ఉత్తరం పట్టుకుని ఆఫీసుకు వచ్చాడు. గొంతు పెంచలేదు. కూర్చోమంటే కూర్చోలేదు.

"మా గ్రౌండు నీటిలో ములిగిపోద్దని రాసినారట. ఏటి బాబూ ఇది? ఆ దినం వోన ఎలిసాకే కదా మీరు నడిసినారు. మీ బూట్లకి తడి అంటిందా?"

లేదన్నాను. జరిగిందంతా చెప్పాను. అంతా విని, "అయితే ఆ ముక్క ఆల్ల ముందర సెప్పాల గానీ, నాకు సెప్తే ఏటి నాభం?" అని ఉత్తరం బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

డిసెంబరులో పోటీలు జరిగాయి. ప్రకాశం సెలవు అడిగాడు, ఫోర్‌మన్ ఇవ్వలేదు. ఎనిమిది వందల మీటర్ల ఫైనల్‌కు టైమ్‌కీపర్ల వరసలో నేనూ ఉన్నాను. చేతిలో అదే వాచీ. గెలిచిన కుర్రాడు టికియాపారాలో ప్రకాశం పరుగెత్తిన దానికంటే మూడు సెకన్లు ఎక్కువ తీసుకున్నాడు. గడ్డి మీద వేగం కొంత తగ్గుతుంది, నిజమే. ఆ కొంత తీసేసినా మొదట ఉండవలసినవాడు ఎవడో నాకు తెలుసు. ఛైర్మన్ గారి భార్య శాలువా కప్పుకుని వచ్చి పతకం మెడలో వేశారు.

ఆ తర్వాత ఉద్యోగం ఉన్నన్నాళ్లూ నివేదికను మైదానంలోనే చేత్తో రాసి, అక్కడివాళ్లకు చదివి వినిపించి, వాళ్ల ఎదుటే సంతకం పెట్టాను. తోటివాళ్లు చాదస్తం అన్నారు, అననిచ్చాను. ఖాళీ కాగితం మీద పెట్టిన సంతకం ఎవరి మాటకైనా ఒప్పుకుంటుందని ఆ ఏడు తెలుసుకున్నాను. ఆ పాఠం నాది. దానికి పోయిన పరుగు మాత్రం ప్రకాశానిది.