వీపు మీది అక్షరం

ఆఫీసుకు వెళ్లే దారిలో ఇప్పటికీ ఒక ఆటో కనిపిస్తుంది. దాని వెనకాల వంకాయ రంగు స్టిక్కరు సగం చిరిగి, సగం అతుక్కుని ఉంటుంది. మిగిలిన సగం పీకేసే ఓపిక ఆ డ్రైవరుకు లేదు. చూసినప్పుడల్లా బాధపడే ఓపిక నాకూ లేదు. అది ఈ పుదుచ్చేరి ఊరి క్రికెట్ టీము గుర్తు. మూడు సీజన్లు ఆడి ఆ టీము పోయింది. మూణ్ణాళ్ల ముచ్చట అని ఊరికే అంటుంటాం కాని, దీని విషయంలో అది లెక్కకు కూడా సరిపోయింది.

నేను యానాం మనిషిని. అక్కడి నుంచి సర్కారు ఆఫీసుకు వచ్చే తెలుగు కాయితాలను ఇంగ్లీషులోకి మార్చే ఉద్యోగం మీద పుదుచ్చేరి వచ్చి, ఒర్లియంపేటలో ఒక మేడ మీద వాటాలో దిగాను. కింద వాటాలో ఇంటివాళ్లు ఉండేవారు. వాళ్లూ తెలుగువాళ్లే, కాకపోతే ఎన్ని తరాల కిందట వచ్చారో వాళ్లకే తెలియదు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, చదవడానికి మాత్రం తమిళమే. ఇంటావిడను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. ఆవిడ భర్త మిల్లులో పనిచేసి, పనిలో ఉండగానే పోయాడు. ఒక్కడే కొడుకు, కరెంటాఫీసులో లైన్‌మన్. నాకంటే నాలుగేళ్లు పెద్ద కాబట్టి నాకు అన్న. ఎడమచేత్తో స్పిన్ వేస్తాడు.

చిన్నప్పుడు వాళ్ల నాన్న సైకిలు మీద కూర్చోబెట్టుకుని గ్రౌండుకు తీసుకెళ్లేవాడట. రాత్రి షిఫ్టు దిగి, నిద్ర కూడా పోకుండా, గోడ పక్కన కూర్చుని కొడుకు వేసే బంతులు లెక్కపెట్టేవాడట. ఆ సంగతి పెద్దమ్మ నాకు ఎన్నిసార్లు చెప్పిందో చెప్పలేను. చెప్పిన ప్రతిసారీ చివర ఒకే మాట అనేది. "ఒక్క పెద్ద ఆటలో వాడు దిగేది చూడాలని ఉండె ఆయనకి. చూడకనే పోయినాడు."

టీము వచ్చిన ఏడు ఊరికి పెళ్లికళ వచ్చింది. ఎక్కడెక్కడో అపార్ట్‌మెంట్లు కట్టిన పెద్దమనిషి ఒకాయన టీమును కొన్నాడు. బీచ్ రోడ్డులో పైకప్పు లేని బస్సు మీద ఆటగాళ్లను ఊరేగించారు. సారం అనే పేటలో రెండంతస్తుల ఆఫీసు తెరిచారు. ఓనరు మైకు పట్టుకుని "ఈ టీము నాది కాదు, మీది" అన్నాడు. ఇలాంటి మాట ఎవరైనా అంటే మా ఆఫీసులో వెంటనే ఫైలు తెరుస్తాం, ఎందుకంటే దాని తర్వాత ఏదో ఒక సంతకం అడుగుతారు. కాని ఆ రోజు నేనూ అందరితో పాటు చప్పట్లు కొట్టాను.

అన్నను నెట్ బౌలరుగా తీసుకున్నారు. నెట్ బౌలరంటే టీములో మనిషి కాదు. బ్యాటర్లు ప్రాక్టీసు చేసుకోవడానికి పూటంతా బంతులు వేసే మనిషి. మ్యాచి రోజున అతనితో ఎవరికీ పని ఉండదు. మూలకుళం దాటాక ఉన్న ప్రాక్టీసు గ్రౌండుకు, డ్యూటీ ఉంటే తెల్లారగట్ల, లేకపోతే పొద్దంతా వెళ్లి వేసేవాడు. అందరి చొక్కాల మీదా పేర్లుంటే అతనికి ఉత్త చొక్కా ఇచ్చారు. పెద్ద ఆటగాళ్లు "ఓ లెఫ్టీ" అని పిలిచేవాళ్లు. రెండు సీజన్లలో అతని పేరేమిటని ఒక్కరూ అడగలేదని అతనే నవ్వుతూ చెప్పాడు. నాకు నవ్వు రాలేదు.

పెద్దమ్మకు మాత్రం ఆ బాధ లేదు. మ్యాచికి నన్ను వెంటబెట్టుకుని పెరుగన్నం డబ్బాతో వచ్చేది. మా టీము బ్యాటరు సిక్సు కొడితే చాలు, పక్కవాళ్లకు వినబడేలా "మనోడు ఏసి ఏసి నేర్పించిందే అది" అనేది. సిక్సులన్నీ ఆవిడ కొడుకు ఖాతాలోనే.

రెండో ఏడుకే రంగు వెలిసింది. కెప్టెన్ సీజను మధ్యలో ఇంకో దేశంలో ఆడటానికి వెళ్లిపోయాడు. కోచ్‌కీ ఓనరు బావమరిదికీ పడక, కోచ్ మారాడు, కొత్త కోచ్ కూడా మారాడు. ఓనరు కట్టడాల మీద కేసు పడిందని పేపర్లో వచ్చింది. సముద్రం కనిపించే హోటల్లో ఉన్న టీము బస్టాండు దగ్గరి లాడ్జికి దిగింది, బస్సు పోయి వ్యాను వచ్చింది. సారంలో రెండంతస్తుల ఆఫీసు కొరియర్ షాపు వెనకాల ఒక్క గదిలోకి కుదించుకుపోయింది. గెలిచిన ఆటల కంటే మారిన మేనేజర్లే ఎక్కువ. ఆరంభశూరులు ఎలా ఉంటారో మాకు పుస్తకంలో చదవక్కర్లేకపోయింది.

మూడో ఏడు పేరున్న ఆటగాళ్లెవరూ రాలేదు. పదిహేనుమందిని నింపడానికి లోకల్ వాళ్లను వెతికారు. అలా ముప్ఫై నాలుగేళ్ల వయసులో అన్న లిస్టులోకి ఎక్కాడు. కొత్తగా వచ్చిన మేనేజరుకు అదే సమయంలో ఒక ఆలోచన పుట్టింది. ఈ ప్రాంతం నాలుగు భాషల వాళ్లది కాబట్టి ప్రతి ఆటగాడి చొక్కా మీదా పేరు వాడి మాతృభాషలో ఉండాలట, అలాగైతే జనం తిరిగి వస్తారట. ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కినట్టు, వ్యానుకు డీజిలు లేని టీముకు నాలుగు లిపులు. అయినా ఆ ఆలోచన నాకు నచ్చింది. ఈ ఊళ్లో తెలుగు అక్షరం కనిపించడమే గగనం.

అన్న తెల్లకాయితం పట్టుకుని మేడెక్కి వచ్చాడు, వెనకాలే పెద్దమ్మ.

"పాపా, నాకు తెలుగు రాదు గదా. ఇనీషియలు, పేరు నువ్వే రాసియ్యి. ఇట్లనే అచ్చేస్తారంట."

ఇక్కడ ఇనీషియల్ అంటే తండ్రి పేరులో మొదటి అక్షరం. తమిళుల పద్ధతి అది, ఈ ఇంట్లోనూ అదే. మా వైపు ఇంటిపేరు రాస్తాం. నాకది తెలియక కాదు. తెలిసే, తగుదునమ్మా అని అడిగాను, "మీ ఇంటిపేరేంటి పెద్దమ్మా?"

ఆవిడ కాస్త గుర్తు తెచ్చుకుని చెప్పింది. ఇన్ని తరాలైనా మర్చిపోలేదు. చెప్పేటప్పుడు ఆవిడ మొహంలో గర్వం కూడా కనిపించింది. ఎందుకడిగానో మాత్రం అడగలేదు. తెలుగులో రాసేటప్పుడు తెలుగు పద్ధతే ఉండాలని నా పట్టుదల. తండ్రి అక్షరం 'గ' రాయాల్సిన చోట ఇంటిపేరు అక్షరం 'త' రాశాను. చుక్క పెట్టి, పక్కన పేరు రాసి, ముత్యాల్లా ఉన్నాయని నాలో నేను మెచ్చుకున్నాను. మార్చానని వాళ్లతో చెప్పలేదు. చెప్పినా వీళ్లకేం తెలుస్తుందిలే అనుకున్నాను. ఆ రోజు అచ్చంగా అలాగే అనుకున్నాను, ఇప్పుడు మార్చి చెప్పలేను. పెద్దమ్మ ఆ కాయితాన్ని రెండు కళ్లకూ అద్దుకుంది.

ఆ సీజనులో ఐదు ఆటలు అన్న బెంచీ మీదే కూర్చున్నాడు. ఆరోదే ఆఖరిది. ఈ ఆట తర్వాత టీమును లీగులోంచి తీసేస్తారని అప్పటికే అందరికీ తెలుసు. ఇద్దరు ముగ్గురు ముందే బ్యాగులు సర్దుకుని వెళ్లిపోయారు. పదకొండోవాడిగా అన్నను దించుతామని ముందురోజు ఫోను వచ్చింది.

ఆట రోజు పొద్దున పెద్దమ్మ చొక్కా పట్టుకుని మేడెక్కింది. మెట్లెక్కిన ఆయాసం తగ్గే దాకా గుమ్మంలో నిలబడి, చొక్కాను నా మంచం మీద బోర్లా పరిచింది.

"దీంట్లో మా ఆయన అచ్చరం యాడుండాది పాపా? రవంత చూపియ్యి."

ఆవిడ నా మొహం కేసే చూస్తోంది. "ఈ పొద్దు ఆయన గూడా గ్రౌండులో దిగుతాండాడు. వాని వీపు మీదనే ఉంటాడు గదా" అంది.

నిజం చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. ఆ ఒక్క నిమిషం నేను ఇవ్వలేదు. 'త' మీద వేలు పెట్టి "ఇదే పెద్దమ్మా" అన్నాను. ఆవిడ చీర కొంగుతో ఆ అక్షరాన్ని తుడిచింది. దాని మీద దుమ్మేం లేదు. తర్వాత కొడుకును పిలిచి అదెక్కడుందో చూపించింది. అతను చొక్కా తొడుక్కుని, చెయ్యి మెడ మీదుగా వెనక్కి పోనిచ్చి, వేలితో తడిమి చూసుకున్నాడు.

ఆ రోజు గ్రౌండులో సగం కుర్చీలు కూడా నిండలేదు. స్కోరు బోర్డు ముందటి వారమే పాడైంది, అంకెలు చేత్తో తగిలిస్తున్నారు. మైకులో ఆటగాళ్ల పేర్లు హడావిడిగా చదివారు, ఇనీషియళ్లు వదిలేశారు. తండ్రి అక్షరానికి ఆ చొక్కా తప్ప ఇంకో చోటు లేదు, అక్కడా లేకుండా నేనే చేశాను. అన్నకు మూడు ఓవర్లు ఇచ్చారు. ప్రతి బంతికీ ముందు చెయ్యి మెడ వెనక్కి పోనిచ్చి 'త' ను తాకి పరిగెత్తాడు. పద్దెనిమిది సార్లు తాకాడు. నేను లెక్కపెట్టాను, ఎందుకంటే ఇంకేమీ చేతకాలేదు.

వికెట్టు రాలేదు. ఆఖరి ఓవర్లో అవతలి బ్యాటరు సిక్సు కొట్టాడు. పెద్దమ్మ అలవాటు కొద్దీ లేచి చప్పట్లు కొట్టింది. "మనోడు ఏసిందే" అంది. తర్వాత ఏం జరిగిందో తెలిసి కూర్చుంది. పక్కవాళ్లు నవ్వారు. నాకు ఏడుపొచ్చి, ఎండ అని చెప్పి కళ్లు తుడుచుకున్నాను.

మళ్లీ వారానికి లీగు వాళ్ల ఉత్తరం పేపర్లో వచ్చింది. సారంలో గదికి తాళం పడింది. ఓనరు ఎక్కడున్నాడో ఎవరూ అడగలేదు. ఊరు కూడా తొందరగానే మర్చిపోయింది. టీము బ్యానర్లు కొన్నాళ్లు కూరగాయల బళ్ల మీద నీడకు పనికొచ్చాయి. అన్న మళ్లీ కరెంటు స్తంభాలెక్కే పనిలో పడ్డాడు, బంతి మళ్లీ పట్టుకోలేదు. భుజం నొప్పి అన్నాడు. ఆ చొక్కాను మాత్రం పెద్దమ్మ విడిగా ఉతికి, నీడలో ఆరేసి, బీరువాలో పెట్టుకుంది. యానాం నుంచి మా బంధువులెవరైనా వచ్చినప్పుడల్లా నాకు దిగులే. ఆవిడ ఆ చొక్కా తీసి చూపిస్తుందేమో, వాళ్లు చదివేస్తారేమో అని.

ఈ మధ్యనే, భర్త తిథికి వారం ముందు, ఆవిడ ఆ చొక్కాతో మళ్లీ మేడెక్కింది. ఈసారి రెండు చోట్ల ఆగి ఎక్కింది.

"గుడికి స్టీలు బిందె ఇస్తాండాను పాపా, ఆయన పేరు మీద. దాని మీద ఈ అచ్చరమే కొట్టించాల. అంగడాయన చూసి కొడతానన్నాడు. పెద్దదిగా ఒక కాయితం మీద రాసియ్యి."

ఇక దాటవేసే శక్తి నాకు లేకపోయింది. కాయితం తీసి పెద్దగా 'గ' రాసి ఇచ్చాను. ఆవిడ దాన్ని చొక్కా పక్కన పెట్టి, ఒకసారి ఇదీ ఒకసారి అదీ చూసింది.

"ఇది అది కాదే."

చెప్పాను. ఇంటిపేరు ఎందుకడిగానో, ఏది తీసి ఏది రాశానో, ఆ రోజు పొద్దున వేలు దేని మీద పెట్టానో, అంతా చెప్పాను. తప్పయింది పెద్దమ్మా అన్నాను. ఆవిడ కోప్పడితే బాగుండుననిపించింది.

"మన ఇంటిపేరే గదా, పోనీలే" అంది ముందు. చొక్కా మడత పెట్టింది. మడత సరిగా రాక విప్పి మళ్లీ పెట్టింది. అప్పుడు అడిగింది, "అయితే ఆ పొద్దు గ్రౌండులో ఆయన లేడా పాపా?"

చొక్కా చంకలో పెట్టుకుని, ఆవిడ గోడ పట్టుకుని ఒక్కో మెట్టే దిగింది. నేను రాసిన కాయితం బల్ల మీదే ఉండిపోయింది.

తిథి అయ్యాక గుడికి వెళ్లినప్పుడు ఆ బిందె చూశాను. అక్షరం కొట్టించింది. తమిళంలో కొట్టించింది, తను చదువుకోగలిగిన దాంట్లో.