గొర్రెల లెక్క, బియ్యం లెక్క

మొన్న ఆదివారం ఇక్కడ సింగపూరులో, సెంగ్‌కాంగ్‌లో మా అమ్మాయి ఇంట్లో కాఫీ తాగుతుంటే, వంటింట్లోంచి మా అల్లుడి గొంతు వినిపించింది. మనవరాలికి పాలపొడి కలుపుతున్నాడు. "లాభం, టూ, త్రీ, ఫోర్" అంటూ సీసాలో చెంచాలు వేస్తున్నాడు. మా అల్లుడు ఇక్కడి చైనీస్ కుర్రాడు. అతనికి వచ్చిన తెలుగు మాటలు నాకు తెలిసి మూడు: అమ్మమ్మ, పెరుగు, చాలు. చివరిది నేను వడ్డించేటప్పుడు ప్రాణరక్షణ కోసం నేర్చుకున్నాడు. అలాంటివాడి నోటినుంచి, తడుముకోకుండా, లాభం అన్న మాట వచ్చేసరికి నా చేతిలో కప్పు అలాగే ఉండిపోయింది. నోరు మూసుకుని కూర్చోవడం నాకు పుట్టుకతో రాని విద్య. సీసాతో బయటికి రానీ, అడిగేస్తాను అనుకున్నాను.

మా వైపు కళ్ళంలో వడ్లు కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. ఆ తరువాత రెండు, మూడు మామూలే. ఎందుకలా అని చిన్నప్పుడు మా అమ్మని అడిగితే "అడక్కు, అను" అంది. ఆ మర్యాద వడ్లకీ బియ్యానికీ మాత్రమే. మమ్మల్ని, కడుపున పుట్టినవాళ్ళని, భోజనాలకి లెక్కపెట్టుకునేటప్పుడు ఒకటితోనే మొదలుపెట్టేది. మేం లాభం కామని ఆవిడకి అప్పుడే తెలుసు.

ఈ లెక్క సింగపూరు దాకా నా నోట్లోనే వచ్చింది. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని ప్రపంచం బెంబేలెత్తుతున్న రోజులవి. వాటిని ఆగకుండా చూడ్డానికి మనవాళ్ళని విమానాల నిండా దింపుకున్నారు. అందులో మా ఆయనొకరు. యూ టీ అనే పేటలో అద్దె ఫ్లాటు. రైసుకుక్కరుతో పాటు వచ్చిన ప్లాస్టిక్ కప్పే నా కుంచం. దానితో బియ్యం పోయడం మా అమ్మాయి పని. స్టూలెక్కి "లాభం" అని అరిచి మరీ పోసేది. పిల్ల బడిలో చేరే వేళ దగ్గరపడింది. ఇక్కడి బడిలో ఇంగ్లిషుతో పాటు మాతృభాష అని ఒకటి చదవాలి. వాళ్ళిచ్చే భాషల్లో తమిళం ఉంది, హిందీ ఉంది, మనది లేదు. అందుకని మా పిల్లకి హిందీ మాతృభాష అయింది. మాతని నేను, భాష ఇంకెవరిదో.

అక్కడితో ఆగితే బాగుండేది. మా ఆయన ఇంకో అడుగు వేశారు. "బళ్ళో హిందీ, ఇంట్లో ఇంగ్లిషు. మధ్యలో మూడోది పెడితే పిల్ల బుర్ర తిరిగిపోతుంది. ఇంక ఇంట్లో తెలుగు ఆపేద్దాం."

"నా బుర్ర తిరగలేదేం? ఎమ్మే ఇంగ్లిషు చదివాను, మీతో కాపరం కూడా చేస్తున్నాను" అన్నాను.

ఆయన నవ్వలేదు. బడి తెరిచే రోజునుంచి అమలు అన్నారు. వాదన నెలల తరబడి సాగింది. నాది పట్టుదల అని ఆయన, ఆయనది భయం అని నేను. నా బాధ ఒక్కటే. రేపు నా కూతురు పెద్దదై నాతో పోట్లాడాలి కదా, ఏ భాషలో పోట్లాడుతుంది? తెలుగులో తిట్టించుకోని తల్లి కూడా ఒక తల్లేనా?

ఈ గొడవ నడుమ ఒక ఆదివారం మధ్యాహ్నం మా ఆయన మేనేజరు భోజనానికొచ్చాడు. ఉత్తర ఇంగ్లండు మనిషి, పొడుగ్గా, ఎర్రగా ఉండేవాడు. ఆయన ఇంగ్లిషు మా ఆయనకి వేదం. ఫోనులో ఆయనలాగే దగ్గి మాట మొదలుపెట్టడం కూడా నేర్చుకున్నారు. "ఆయన ముందు తెలుగు వద్దు" అని పొద్దున్నే మాకు ఆంక్ష. తీరా చూస్తే ఆ దొరగారు మామిడికాయ పప్పు రుచి చూసి మళ్ళీ వడ్డించమన్నాడు, మళ్ళీ మళ్ళీ వడ్డించమన్నాడు, అన్నం గిన్నె అడుగంటింది. ఇంకో ఎసరు పెట్టాల్సి వచ్చింది. మా ఫ్లాటులో హాలుకీ వంటింటికీ మధ్య తలుపు లేదు. మా పిల్ల అలవాటు ప్రకారం స్టూలెక్కి కప్పు ముంచి, "లాభం" అని కేక పెట్టింది.

మా ఆయన మొహం మాడిపోయింది. సరిగ్గా లెక్కపెట్టు, వన్ అను, అని ఇంగ్లిషులో గదమాయించారు. అది కప్పు ఎత్తి పట్టుకుని, ఇక్కడివాళ్ళలా మాట చివర లా తగిలిస్తూ, "నో లా డాడీ. ఫస్ట్ వన్ ఈజ్ లాభం. వన్ అంటే రైస్ నాట్ ఎనఫ్ లా" అంది.

ఏమిటది అని దొరగారు అడిగాడు. ఏం లేదు, పల్లెటూరి అలవాటు అన్నారు మా ఆయన. నేనూరుకుంటానా, కళ్ళంతో మొదలుపెట్టి కుంచం దాకా అంతా ఏకరువు పెట్టాను. ఆయన తినడం ఆపేశాడు. పిల్లని మరోసారి అనమన్నాడు. తరువాత గోడవైపు చూస్తూ, మా ఆయన అనుకరించే ఆ ఆఫీసు గొంతుతో కాదు, ఎక్కడో లోపలినుంచి వచ్చే మరో మోటు గొంతుతో అందుకున్నాడు: "యాన్, టాన్, టెథెరా, మెథెరా, పింప్."

వాళ్ళ తాత కొండల్లో గొర్రెలు కాసేవాడట. మందని ఆ మాటలతోనే లెక్కపెట్టేవాడట. ఇరవై కాగానే ఒక గులకరాయి జేబులో వేసుకుని మళ్ళీ యాన్ దగ్గర మొదలు. గొర్రెలకే ఆ లెక్క, మనుషులకి వన్, టూ. ఆ మాటలు ఇంగ్లిషు కావు. ఇంగ్లిషువాళ్ళు ఆ దీవికి రాకముందు అక్కడ ఉన్నవాళ్ళవి, కెల్టిక్ భాష మాట్లాడినవాళ్ళవి అన్నాడు. పడమటి కొండల్లో వెల్ష్‌వాళ్ళు ఇప్పటికీ అయిదుని పింప్ అనే అంటారట. మా వాళ్ళు వచ్చి వాళ్ళ నేల తీసుకున్నారు, వాళ్ళ మాటలు పట్టుమని గుప్పెడు కూడా తీసుకోలేదు, కానీ నదులకి మాత్రం వాళ్ళు పెట్టిన పేర్లే మిగిలాయి అన్నాడు. ఏవన్ అనే నది ఉందట. వాళ్ళ భాషలో ఆ మాటకి నది అనే అర్థమట.

"అంటే ఇన్నేళ్ళుగా మీరు నది నది అని పిలుస్తున్నారన్నమాట" అన్నాను. మా ఆయన నావైపు ఉరిమి చూశారు. దొరగారు పడీపడీ నవ్వాడు. ఆ గొర్రెల లెక్క నిజంగా అంత పాతదా, తరువాతెప్పుడో వెల్ష్‌వాళ్ళ దగ్గర అరువు తెచ్చుకున్నదా అని పండితులు ఇంకా కొట్టుకుంటున్నారని కూడా నిజాయితీగా చెప్పాడు. మీరేమంటారు అన్నాను. మా తాత అడగలేదు, అన్నాడంతే, అన్నాడు.

అడక్కు, అను. మా అమ్మ అన్నదీ అదే. ఎమ్మేలో నాకు ఇంగ్లిషు చరిత్ర అంటే రాజులూ యుద్ధాలూ చెప్పారు. రాజ్యం పోయి, దేవుళ్ళు పోయి, ఆ భాష మాట్లాడే చివరి మనిషి కూడా ఆ కొండల్లో పోయాక, లెక్క ఒక్కటి మాత్రం, గెలిచినవాళ్ళ నోళ్ళలో కూర్చుని, గొర్రెల వెంట నడుచుకుంటూ యూ టీలో నా వంటింటి దాకా వచ్చింది. దాన్ని ఏ పండితుడు కాపాడాడు? ఏ తల్లో దొడ్డి దగ్గర నిలబడి పిల్ల చేత అనిపించి ఉంటుంది. అన్నం పొంగుతున్నా చూసుకోలేదు నేను.

దొరగారు వెళ్ళాక మా ఆయన గిన్నెలు సర్దుతూ, "సరే, ఇంట్లో తెలుగే కానీ" అన్నారు. నెలల తరబడి పెళ్ళాం చెబితే ఎక్కనిది దొర చెబితే ఎక్కింది. ఆ సంగతి ఇప్పటికీ గుర్తుచేస్తూనే ఉంటాను.

గెలిచానా అంటే, గెలిచాను. ఇంట్లో తెలుగు ఆగలేదు. కానీ బడీ, స్నేహితులూ, ఉద్యోగం నన్నడిగి చేస్తాయా? నేను తెలుగులో అడుగుతాను, అది ఇంగ్లిషులో పోట్లాడుతుంది. ఇక మనవరాలి సంగతి చెప్పేదేముంది.

అల్లుడు సీసా ఊపుకుంటూ వచ్చాడు. లాభం అంటే ఏమిటో తెలుసా అని అడిగాను. "తెలీదు ఆంటీ" అన్నాడు, వాళ్ళ ఇంగ్లిషులో. "ఫస్ట్ స్కూప్‌కి అలాగే అనాలని మీ అమ్మాయి చెప్పింది. లేకపోతే బేబీకి మకాన్ చాలదట." మకాన్ అంటే ఇక్కడ తిండి. అర్థం చెబుదామని నోరు తెరిచి, చెప్పకుండా మూసుకున్నాను.

ఇంకో వేయేళ్ళకి ఈ దీవిలోనో మరో దీవిలోనో ఎవరో ఏదో కొలుస్తూ మొదటిదాన్ని లాభం అంటారు. అది ఎవరి మాటో పండితులు కొట్టుకుంటారు. మాదేనని వాదించడానికి అప్పుడు నేనుండను, అదొక్కటే నా బెంగ.