మామ్మ బొటనవేలు

కార్తీకమాసం మొదటి సోమవారం తెల్లవారగానే మా ఎదురింటి మామ్మ పోయింది. కుళాయి దగ్గర వరసలో, రాత్రే పెట్టిన ఆమె నీలం బకెట్టే అన్నిటికంటే ముందుంది. నీళ్లు వచ్చాయి, ఆమె రాలేదు. "మామ్మ ఇంకా లెగనేదేటి? ఎల్లి సూడే" అని వెనకావిడ నన్ను తోసింది. వెళ్లి తలుపు నెట్టాను. కుడిచెయ్యి చెంప కింద పెట్టుకుని గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఒళ్లు చల్లగా ఉంది.

నాకు ముందు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. గురువారం మళ్లీ పింఛను సెంటరుకు వెళ్లి మిషను మీద వేలు పెట్టి చూద్దామని ముందురోజే అనుకున్నాం. మూడు రోజులు ఆగలేకపోయిందా అని ఆమె మీద కోపం. నాలుగు నెలలు తిప్పినవాళ్ల మీద అంతకంటే కోపం. వీటికి అడుగున నా మీద నాకే ఒక కోపం ఉంది. దాని సంగతి కూడా ఇందులో చెబుతాను.

ఉత్తరాన హిందీ మాట్లాడే ఉక్కు ఫ్యాక్టరీల ఊళ్లో, బాగ్‌బేరాలో రైలు యార్డు గోడ పక్కన మా వీధి. అక్కడున్న తెలుగువాళ్లందరికీ ఆమె మామ్మే. అసలు పేరు ఆఫీసుల్లో పిలిచినప్పుడు తప్ప ఎక్కడా వినపడేది కాదు. పిల్లలు లేరు. భర్త కాంట్రాక్టు పనిలో ఉండగానే జబ్బుచేసి పోయాడట. అప్పటినుంచి క్వార్టర్లలో గిన్నెలు తోమి బతికింది. ఓపిక తగ్గాక వితంతు పింఛనే ఆమెకు ఆధారం.

నేను సిక్కోలు దగ్గరి పల్లె నుంచి పెళ్లి చేసుకుని వచ్చాను. మా ఆయన ఆదిత్యపూర్‌లో ఒక చిన్న వర్క్‌షాపులో పని చేస్తారు. నేను చదివింది ఏడో తరగతి. హిందీ ఒక్క ముక్క రాదు. వాకిట్లో ఎవరి అడుగు వినపడినా తలుపు వెనక్కి వెళ్లిపోయేదాన్ని. వచ్చిన వారానికే మామ్మ నన్ను అక్కడ పట్టుకుంది.

"ఓలె గుంటా, తలుపెనకాల ఏటి సేత్తన్నావు? బల్లుల్ని పడతన్నావా?"

నేను కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాను.

"రేసన్ కార్డులో నీ పేరెక్కిందా?"

"ఆయన సూత్తారు మామ్మా."

"ఆడు పొద్దున్నెల్లి పొద్దోయాక వత్తాడు. ఆడికోసం ఆపీసు తెరిసుంచుతారేటి? సీర మార్సుకో, పద."

అలా మొదలైంది. ఆమె వెంట నేను తిరిగిన ఆఫీసులు ఎన్నో లెక్క చెప్పలేను. చంకలో ఒక బియ్యం సంచి, దానిలో ప్లాస్టిక్ కవర్లలో చుట్టిన కాగితాలు, కొంగుకు కట్టిన మరమరాలు. వరసలో నిలబడలేకపోతే చెప్పులు విడిచి తన చోట పెట్టి, నీడలో కూర్చునేది. ఎవరైనా ఆ చెప్పుల్ని పక్కకు జరిపితే అక్కడినుంచే అరిచేది, "ఆటి మీద మనిసుందిరా బాబూ, కనపళ్ళేదా?" తెలుగులోనే. అర్థం కాకపోయినా జరిపినవాడు మళ్లీ తెచ్చి పెట్టేవాడు.

నా తరఫున మాత్రం ఒక్క మాట మాట్లాడేది కాదు. కిటికీ ముందుకు నన్ను నెట్టి వెనక నుంచి గిల్లేది. "నీ నోరు నా కాడ తాకట్టెట్టేవా? నువ్వే సెప్పు." నేను గొణిగేదాన్ని. లోపలివాళ్లు విసుక్కునేవాళ్లు. బయటికి వచ్చాక కళ్లు తుడుచుకుంటుంటే ఆమె మరమరాలు చేతిలో పోసి అనేది, "అడిగినోడు లోకువే, నిజిమే. కానీ అడగనోడు లెక్కలోనే లేడు."

మా వీధి చివర ఉండే ఒకతనికి వర్క్‌షాపులో కాలు నలిగి మోకాలి కింద తీసేశారు. వికలాంగుల కాగితం కోసం శిబిరం పెడుతున్నారని తెలిసి, మామ్మ అతన్ని కూరగాయల బండి మీద కూర్చోబెట్టి తోయించుకుంటూ తీసుకెళ్లింది. అక్కడ కాలు చూశారు, మనిషిని చూశారు, అన్నీ అయ్యాక ఫొటో సరిపోదన్నారు. లేని కాలు కనపడేలా నిలబడి ఉన్న ఫొటో కావాలట. "నిలబడగలిగితే మీ కాడికెందుకొత్తాడు బాబూ?" అని మామ్మ తనకొచ్చిన హిందీలో అడిగింది. అక్కడి గుమాస్తా పాపం తలవంచుకుని, రూలు అలా ఉందన్నాడు. చివరికి నేనూ మామ్మా చెరో పక్కా పట్టుకుని, మేం కనపడకుండా వెనక్కి వంగి ఫొటో తీయించాం. ఫొటోలో అతని భుజాల కింద నాలుగు చేతులున్నాయి. అదే పాసైంది.

నన్ను కుట్టుపని శిక్షణలో చేర్చింది కూడా ఆమే. సర్కారు డబ్బుతో ఆడవాళ్లకు నేర్పి, బడిపిల్లల యూనిఫాం కుట్టే పని ఇస్తారని ఎక్కడో విన్నది. మా ఆయన నసిగితే వాకిట్లో నిలబడి, "నీ పెళ్లాం రెక్కల్లో ఇద్దె దూరితే నీకేటి నొప్పి?" అంది. వీధంతా విన్నాక ఆయన ఇంకేం అంటారు!

ఇప్పుడు ఆషాఢం సంగతి చెప్పాలి.

మా వైపు ఆషాఢంలో గోరింటాకు పెట్టుకోకుండా ఉండం. ఇక్కడివాళ్లలా అరచేతిలో తీగలూ పువ్వులూ గీసుకోం. ఆకు మెత్తగా రుబ్బి, వేళ్ల చివర్లకు టోపీల్లా పెడతాం. అరచేతిలో ఒక చందమామ. గోడ పక్కన మొక్క ఉంది. ఆ మధ్యాహ్నం నేను రుబ్బి తెచ్చుకుని గుమ్మంలో కూర్చున్నాను. మామ్మ ఎదురుగా కూర్చుని నా గిన్నెలోకే చూస్తోంది.

"సెయ్యి తే మామ్మా."

"సీ, ముండమోపిని. నాకేటే?"

"ఎవులు సూత్తారు? తే."

కాసేపు వద్దంది. తర్వాత కొంగుతో చేతులు తుడుచుకుని నా ఒళ్లో పెట్టింది. బూడిదతో గిన్నెలు తోమి తోమి ఆ వేళ్లు గులకరాళ్లలా నున్నగా అరిగిపోయి ఉన్నాయి. పదివేళ్లకూ పెట్టాను. ఆరాక కడుక్కుని, చేతులు ఎండకు పట్టి తిప్పితిప్పి చూసుకుంది. "ఆయన పోయాక నా సేతులు ఎర్రబడ్డం ఇదేనే" అంది.

నాలుగో రోజున పింఛనువాళ్ల నుంచి కబురొచ్చింది. ఆ నెల దాటేలోగా అందరూ సెంటరుకు వెళ్లి, బతికే ఉన్నట్టు వేలిముద్ర వేయాలి.

అరిగిన వేళ్లు కావడంతో ఏటా ఆమెకు అయిదారు సార్లు నొక్కితే గాని మిషను తీసుకునేది కాదు. కుడి బొటనవేలు ఒక్కటే కాస్త పలికేది. "ఈ ఏలే నా సదువు, నా సంతకం" అని దాన్ని కొంగుతో తుడుచుకుని మరీ పెట్టేది. ఆ రోజు పదివేళ్లూ పెట్టింది. ప్రతిసారీ ఎర్రలైటే. మాటిమాటికీ సర్వర్ పోతోందని విసుక్కుంటూ కుర్చీలో కూర్చున్నతను ఆమె చెయ్యి తిప్పి చూసి నవ్వాడు. "రంగుంటే మిషను వేలు పట్టదు. మెహందీ ఎందుకు మాతాజీ? పెళ్లి కుదిరిందా?" అన్నాడు హిందీలో. వరసంతా నవ్వింది.

మామ్మ తడుముకోలేదు. "నీతోనే కుదిరింది బాబూ. ముందు నీ సర్వర్‌ని తీసుకురా, బాజా నాను తెత్తాను" అంది, ఆ హిందీలోనే. వరస ఇంకా గట్టిగా నవ్వింది, ఈసారి అతన్ని చూసి. నేను మాత్రం నవ్వలేదు. ఆ టోపీలు పెట్టింది నేనే కదా.

నిమ్మకాయ రుద్దాం. చింతపండు రుద్దాం. ఎవరో కిరసనాయిలు అంటే అదీ రుద్దాం. మామ్మ ఇటుకరాయి మీద కూడా రుద్దింది, ఎరుపు పోలేదు, ఉన్న కాస్త గీతలూ పోయాయి. నెల దాటిపోయింది. పింఛను ఆగింది.

అక్కణ్ణించి మొదలైన తిరుగుడు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. వేలు పడకపోతే కన్ను చూసే మిషను బ్లాక్ ఆఫీసులో ఉందన్నారు. వెళ్లాం. ఆమె కళ్లలో శుక్లాలు, మిషను కన్ను పట్టలేదు. ఫోనుకు నంబరు వస్తుంది, అది చెప్పినా చాలన్నారు. కాగితాల్లో ఉన్న ఫోను పోయిన భర్తది. అది మార్చాలంటే వేలిముద్ర వేయాలట! నేను మళ్లీ అడిగాను, నాకే అర్థం కాలేదేమోనని. అదేనట. ఆమె ఎదురుగా నిలబడి మాట్లాడుతూనే ఉంది. ఊపిరి తీస్తోంది, దగ్గుతోంది, వాళ్లను తిడుతోంది. అయినా బతికున్నట్టు రుజువు లేదు.

చివరికి ఇంటికే మనిషి వచ్చి చూసి రాసుకునేలా అర్జీ పెట్టమన్నారు. శ్రావణంలో పెట్టాం. ఎవరూ రాలేదు. అడిగితే ఫైలు పైన ఉందన్నారు. ఎంత పైనో చెప్పలేదు.

ఈలోగా తినాలి కదా. మా ఇంట్లో తినమంటే ఒకపూట తిని, రెండో పూటకు ఏదో వంక చెప్పేది. మందులు కొనుక్కోవాలని ఆ వయసులో మళ్లీ రెండిళ్లలో గిన్నెలకు కుదిరింది. నేను గొడవపెట్టుకున్నాను.

"మళ్ళీ తోమితే ఏళ్లు అరిగిపోవా మామ్మా? మిసను తీసుకుంటాదా?"

"తోమకపోతే నాను అరిగిపోతానే" అంది.

పని చేస్తే వేలు అరుగుతుంది. వేలు అరిగితే పింఛను ఆగుతుంది. పింఛను ఆగితే పని చెయ్యాలి. దీన్ని ఎవరు కనిపెట్టారో గాని, ఒక్కసారి మామ్మ చేతులు చూసి ఉంటే బాగుండేది.

వీధిలో ఆడవాళ్లు అడిగేవారు, ఈ వయసులో ఆ ముచ్చటేమిటని, ఎవరు పెట్టారని. నేను పక్కనే ఉండేదాన్ని. నోరు తెరిచేలోగా మామ్మే అనేసేది, "నానే ఎట్టుకున్నాను. ముచ్చటేసింది. ఏం, కూడదా?" ఒకసారి కాదు, అడిగిన ప్రతిసారీ. నేనెప్పుడూ నిజం చెప్పలేదు. ఆఫీసు కిటికీ ముందు గొణగడమైనా వచ్చింది నాకు. ఆ ఆడవాళ్ల ముందు అదీ రాలేదు.

మామ్మ పోయిన పదకొండో రోజున ఇంటికి వచ్చి చూసే మనిషి వచ్చాడు. భుజాన సంచి, చేతిలో ఆ చిన్న మిషను, చొక్కా చెమటతో తడిసి ఉంది. మూసిన తలుపు కొట్టి, పేరు చదివాడు. నేను మా తలుపు వెనక ఉన్నాను. పాత అలవాటు. వీపు మీద ఎవరో గిల్లినట్టయింది. బయటికి వచ్చాను.

"ఆమె లేరు" అన్నాను, ఆ వరసల్లో నేర్చుకున్న హిందీలో.

"ఎప్పుడొస్తారు?"

"రారు. చనిపోయారు."

అతను ఫోనులో చూశాడు. "దీన్లో రెండే ఉన్నాయి దీదీ. కలిశారు, కలవలేదు. కలవలేదు అని కొట్టేస్తాను."

అలా కొట్టేస్తే మామ్మే ఎక్కడికో తిరగడానికి పోయినట్టు ఉంటుంది. నా గొంతు నాకే పరాయిదిలా వినపడింది. "ఆమె అర్జీ పెట్టి మూడు నెలలు ఈ ఇంట్లోనే ఉంది. మీరే కలవలేదు. అది రాయండి."

"నేనేం చెయ్యను దీదీ, ఇన్ని వీధులకు ఒక్కణ్ణి. ఈ కాగితం నాకు నిన్ననే ఇచ్చారు." అతని మీద అరవాలనిపించలేదు. కాని కదలనివ్వలేదు. ఫోనులో చోటు లేకపోతే కాగితం మీద రాయమన్నాను. గోడకు ఆనించి రాశాడు. చదివి వినిపించమన్నాను. ఫలానా ఆమె తనిఖీ కోసం ఎదురుచూస్తూ మరణించారు అని చదివాడు. కింద పొరుగువాళ్ల సాక్షి సంతకం కావాలన్నాడు. తెలుగులో పెట్టాను. మిగతా ఆడవాళ్లు గుమ్మాల్లోంచి చూస్తున్నారు. ఆ కాగితం ఏ ఫైలు కిందకు పోయిందో నాకు తెలియదు. అడగడానికి మాత్రం వెళ్తాను.

ఇప్పుడు ఆ సోమవారం దగ్గరికి మళ్లీ వెళ్లాలి. ఆడవాళ్లం ఆమెకు స్నానం చేయిస్తున్నాం. కుడిచెయ్యి నా చేతుల్లో ఉంది. చర్మం మీద ఎరుపు ఎప్పుడో పోయింది. గోళ్లు పెరుగుతూ పెరుగుతూ ఎరుపును చివరికి నెట్టేశాయి. చివరి నెలలో నేను గొడవచేసి పని మానిపించి కొబ్బరినూనె రాయగా రాయగా బొటనవేలి మీద సన్నటి గీతలు మళ్లీ లేచాయి. గురువారం మిషను తీసుకునేదేమో.

"ముండమోపికి ఈ ఎరుపేటే? ఆవిడికంత ముచ్చటేటో" అంది నీళ్లు పోస్తున్నావిడ.

"నానే ఎట్టేను" అన్నాను.

చెంబులోంచి నీళ్లు పడుతూనే ఉన్నాయి. నేను ఒక్కొక్క వేలూ విడదీసి కడిగాను. బొటనవేలి గోటి చివర మాత్రం, నెలవంకంత కూడా లేదు, బియ్యపుగింజంత ఎరుపు మిగిలి ఉంది. ఎంత కడిగినా అలాగే ఉంది.