ఎనిమిదో అంతస్తు దాకా సువార్త

మా బాబాయ్‌కి ఉన్నది ఒకటే పిచ్చి. లిఫ్ట్ తలుపు మూసుకుంటే చాలు, బాబాయ్ నోరు తెరుచుకునేది. అందులోంచి సువార్త వచ్చేది. నిండా ఆఫీసులున్న ఒక పాత భవనంలో బాబాయ్ లిఫ్ట్‌మ్యాన్. ఇనుప జాలీ తలుపు ఒకసారి లాగేశాక ఎక్కినవాళ్లకు పారిపోయే దారి ఉండేది కాదు.

"మూడో అంతస్తు," అనేవారు ఎవరో, పాపం తెలియక.

"మూడుకి తీసుకెళ్తాను సరే. ఆ పైన మీ ఏర్పాటేమిటి?"

రెండో అంతస్తులో దిగేవాళ్లకు సృష్టి వరకే అందేది. పాపం లోకంలోకి వచ్చేసరికి నాలుగు దాటేది. పైదాకా వెళ్లేవాళ్లకు పునరుత్థానంతో సహా పూర్తి కథ. నేను ఐదో అంతస్తులో టైపిస్టుని. రోజూ జలప్రళయం నడిమధ్యలో దిగిపోయేదాన్ని.

మొహం మీద కసురుకునే ధైర్యం ఎవరికీ లేదు. బాబాయ్ కుర్రతనంలో బాక్సర్. యేసును నమ్ముకుని రక్షణ పొందిన రోజున గ్లవ్స్ ఎవరికో ఇచ్చేశాడు గానీ భుజాలు ఇవ్వడం కుదరలేదు. బీరువా యూనిఫాం తొడుక్కుని నిలబడినట్టుండేవాడు.

ఎదురు మాట్లాడేది ఒక్కరే, ఎనిమిదో అంతస్తు ఆడిటర్ గారు. ఆయనకు దేవుడి మీద బోలెడు అభ్యంతరాలు.

"మీ దేవుడు అంత గొప్పవాడైతే ఈ లిఫ్ట్ ఇంత నత్తనడక ఎందుకు నడుస్తోందయ్యా?"

"మీరు మారడానికి టైం ఇస్తున్నాడు సార్."

అలా కొన్నాళ్లు నడిచాక ఒకరోజు ఆడిటర్ గారికి ఒళ్లు మండి మేనేజరుకు ఫిర్యాదు చేశారు. మేనేజరు బాబాయ్‌ని పిలిచి, లిఫ్ట్‌లో దేవుడి మాటెత్తితే ఉద్యోగం ఊడుతుందని తేల్చి చెప్పాడు. బాబాయ్ తలూపి వచ్చేశాడు.

మర్నాడు పొద్దున లిఫ్ట్‌లో బాబాయ్, నేను, ఆడిటర్ గారు. మూడు అంతస్తులు దాటినా ఒక్క మాట లేదు. నాలుగు దాటగానే లిఫ్ట్ ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. దీపం ఆరిపోయింది, జాలీలోంచి మసక వెలుతురు మాత్రం పడుతోంది.

"తలుపు తియ్యి," అన్నారు ఆడిటర్ గారు. గొంతు ఆయనది కానట్టే ఉంది.

"రెండు నిమిషాలు సార్. కిందవాళ్లు చూసుకుంటారు."

"తియ్యమంటున్నానా." జాలీ పట్టుకుని ఊపేస్తున్నారు. ఊపిరి ఎగబీలుస్తున్నారు. బాబాయ్ ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. అంతే, ఆయన గిర్రున తిరిగి బాబాయ్ మూతి మీద ఒకటి గుద్దారు. ఆ వెంటనే ఇంకొకటి.

బాబాయ్ ఒక్కటి తిరిగి ఇచ్చాడంటే ఆడిటర్ గారిని చాపలో చుట్టి తీసుకెళ్లాలి. కానీ బాబాయ్ గబుక్కున రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో పెట్టేసుకున్నాడు.

"బాబాయ్, కనీసం చేతులు అడ్డం పెట్టుకో."

"వద్దమ్మడూ. వీటికి పాత అలవాట్లున్నాయి. బయటికొస్తే అడ్డం పెట్టి ఊరుకోవు." పెదవి తుడుచుకోకుండానే ఆయన వైపు తిరిగాడు. "సార్, మొన్న అడిగారు కదా, దేవుడు మంచివాడైతే లోకంలో ఇన్ని కష్టాలెందుకని. ఇవాళ జవాబు చెప్తాను. ఉద్యోగం పోతే పోనీండి."

"నువ్వు... నువ్వేం చెప్తావయ్యా జవాబు?"

"తప్పంతా మనుషులదే సార్."

"మరి భూకంపాలో? అవి కూడా మనుషులు తెచ్చారా?"

ఇక మొదలైంది. ఆడిటర్ గారు అరుస్తుంటే బాబాయ్ నింపాదిగా ఎగదోస్తున్నాడు. అరవడానికి ఊపిరి కావాలి, ఆ ఊపిరి దానంతటదే కుదుటపడింది. దీపం వెలిగింది, లిఫ్ట్ కదిలింది. ఐదు వచ్చినా నేను దిగలేదు. ఆడిటర్ గారు ఎనిమిదిలో తల దించుకుని దిగిపోయారు.

సాయంత్రం ప్రార్థన కూటంలో బాబాయ్ వాచిన మూతి చూసి సంఘమంతా ఊగిపోయింది.

"మన సంఘంలో విశ్వాసం కోసం దెబ్బ తిన్న మొదటివాడివి నువ్వే. లేచి సాక్ష్యం చెప్పు," అన్నారు పాస్టరు గారు, ఆనందం పట్టలేక.

"సాక్ష్యం తర్వాత. ఆత్మరక్షణ పాపం కాదు. రేపు నేనూ లిఫ్ట్ ఎక్కుతాను," అన్నాడు సంఘంలోని జిమ్ మాస్టరు చొక్కా చేతులు మడుస్తూ.

"రెండో చెంప సంగతి మర్చిపోయావా?" అన్నారు పాస్టరు గారు.

"ఆ రెండోది కూడా అయిపోయిందండీ. ఇంక చూపించడానికి ఈయన దగ్గరేం మిగల్లేదు," అంది మా పిన్ని.

బాబాయ్ లేచాడు. "ఇది హింస కాదు పాస్టరు గారూ. ఆయన నా విశ్వాసాన్ని కొట్టలేదు. మూసుకున్న తలుపుని కొట్టాడు, మధ్యలో నా మూతి ఉంది." తర్వాత జిమ్ మాస్టరు వైపు చూశాడు. "మా అమ్మడి మీద చెయ్యెత్తితే అడ్డం పడేవాణ్ని, అది వేరు. భయంతో చచ్చిపోతున్న మనిషి మీద నాకు ఆత్మరక్షణేమిటి మాస్టారూ?"

విశ్వాసం కోసం బలైన హతసాక్షి ఒకడు చేజారిపోయినందుకు పాస్టరు గారు కాస్త చిన్నబుచ్చుకున్నారు.

ఇంటికొచ్చాక అడిగాను. "ఆయనకు భయమని నీకు ముందే తెలుసా?"

"ఎక్కినప్పుడల్లా జాలీ పట్టుకుని నిలబడతాడు, చూళ్లేదా? ఈ పనిలో చేరిన కొత్తలో నాకూ అంతే. తలుపు మూస్తే ప్రాణం పోయేది. బిగ్గరగా ప్రార్థన చేసుకుంటుంటే ఒకాయన వాదన పెట్టుకున్నాడు. తేరుకుని చూస్తే పై అంతస్తులో ఉన్నాం, భయం ఎటు పోయిందో తెలీదు. అప్పట్నుంచి జాలీ పట్టుకున్నవాళ్లు కనిపిస్తే కాస్త గట్టిగా చెప్తాను."

"అంటే సువార్త ఉత్తిదేనా?"

"ఉత్తిదేమిటే? నేను నమ్మిందే చెప్తాను. అది భయానికి మందుగానూ పనిచేస్తే చేదా?"

పొద్దున లిఫ్ట్ దగ్గరికి మేనేజరుని వెంటబెట్టుకుని ఆడిటర్ గారు వచ్చారు. "ఈయన మాట్లాడకపోతే నేను ఎక్కను. అదే నా ఫిర్యాదు," అన్నారు. మేనేజరు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి వెళ్లిపోయాడు. ఆడిటర్ గారు లోపలికొచ్చి బాబాయ్ పెదవి వంక చూడలేక నేల చూపులు చూశారు.

"నిన్న నేను..."

"దెబ్బలో బలముంది సార్. గుద్దుకి ముందే భుజం కదిలిపోతోంది, అదొక్కటి చూసుకోండి."

ఆయన ఫక్కున నవ్వారు. తలుపు మూసుకుంది. నేను ఐదులో దిగేసరికే ఇద్దరూ భూకంపాల మీద పడ్డారు. ఎనిమిదిలో దిగుతారు కదా అనుకున్నాను. కాసేపటికి చూస్తే లిఫ్ట్ మా అంతస్తు మీదుగా కిందికి పోతోంది. లోపల ఆడిటర్ గారు వేలెత్తి అరుస్తూనే ఉన్నారు, రెండో చెయ్యి హాయిగా నడుం మీద ఉంది. అన్ని అంతస్తుల్లోనూ జనం గంట నొక్కుతున్నారు. వాళ్లిద్దరికీ ఏదీ వినిపించడం లేదు.