‘గుంత’ అని అరవలేదు

రెండేళ్ల కిందటి మాట. మాది అశోక్‌నగర్. ఆదివారం వస్తే నేనూ, దోమలగూడలో ఉండే శ్రీధరూ మట్టిదారుల్లో తొక్కే సైకిళ్లు కారుకు కట్టుకుని అనంతగిరి అడవికి పోయేవాళ్లం. మా మధ్య ఒకటే నియమం. గుంత కనిపిస్తే ముందున్నవాడు అరవాలి. వెనకవాడికి దుమ్ము తప్ప ఏమీ కనిపించదు.

ఎప్పుడూ శ్రీధరే ముందు. ఆ రోజు కంకర దిగుడులో మొదటిసారి నేను ముందున్నాను. దారి మధ్యలో వాన కోసిన గుంత. వాడు కాస్త తడబడితే చాలనుకున్నాను. నేను పక్కకు తప్పుకున్నాను, నోరు మాత్రం మెదపలేదు.

వెనక సైకిల్ పడిన చప్పుడు వినిపించింది. శ్రీధర్ గొంతు వినిపించలేదు.

ఆసుపత్రిలో వాళ్లావిడ నన్నే అడిగింది. “ముందు నువ్వే ఉంటివి గదన్నా, జర చెప్పకపోయినవా?”

నేను నోరు తెరిచేలోపే మంచం మీంచి శ్రీధర్ అన్నాడు. “అన్న అరిచిండే. నాకే వినవడలే.”

నేను తలూపాను.

అతనికి నడుము కింద స్పర్శ తిరిగి రాలేదు. పరామర్శకు వచ్చినవాళ్లకి ఇప్పటికీ అదే మాట చెబుతాడు.

ఇప్పుడు చిక్కడపల్లి రోడ్డు మీద నడిచిపోతూ కూడా, గుంత కనిపిస్తే గట్టిగా అరుస్తాను. వెనక ఎవరూ ఉండరు.